ముందు చావులు చెప్పండి

సుప్రజ మిద్దె మీద గోంగూర నడుం ఎత్తు పెరిగిందని తెలిసిన రోజున రాఘవమ్మకి అన్నం సహించలేదు. టమాటాలు విరగకాశాయంటే పోనీలే అనుకుంది. వంకాయలు గంపెడు దిగాయంటే పళ్ళు బిగబట్టి ఊరుకుంది. కానీ గోంగూరా? ఈపూరు మట్టిలో పుట్టి, ఆ మట్టిలోనే యాభై ఎనిమిదేళ్ళు బతికిన మనిషి ఇక్కడ ఉండగా, స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళ కోడలి గోంగూర చూడ్డానికి జనం మెట్లెక్కి వెళ్ళడమా? హవ్వ!

"ఏందే, కూర బాలేదా?" అన్నాడు భర్త సత్యనారాయణ, కంచంలోంచి తలెత్తకుండానే.

"కూర బానే ఉంది. నా రాతే బాలేదు."

"రాత సంగతి తర్వాత చూద్దాంలే, మజ్జిగ పొయ్యి" అన్నాడాయన.

ఆరెకరాల మిరపచేను కౌలుకిచ్చి ఈ మొగుడూ పెళ్ళాలు నరసరావుపేటలో ఇల్లు కట్టుకుని మూడేళ్ళయింది. సత్యనారాయణకి పేట బాగా పడింది. పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని పార్టీ ఆఫీసుకి వెళ్ళాడంటే మళ్ళీ భోజనానికే ప్రత్యక్షం. పడనిది రాఘవమ్మకే. ఊళ్ళో ఉండగా తెల్లారితే చాలు, గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడేవాళ్ళు. "అక్కా, ఆకుముడత తగిలింది, ఏం కొట్టమంటా?" "పెద్దమ్మా, నారు ఇప్పుడు పొయ్యొచ్చా?" చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయేది. పేటలో ఆ గొంతుకి పనే లేకుండా పోయింది. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి, షుగరు మూడొందలు దాటింది, నిద్ర పారిపోయింది. "మందులు సరే, కాస్త మనుషుల్లో పడండమ్మా" అన్నాడు డాక్టరు.

వీధి చివర ఇమ్మానుయేల్ మాస్టారని, రిటైరైన సైన్సు టీచరు, మిద్దెతోటల క్లబ్బు నడుపుతున్నారు. రాఘవమ్మ వెళ్ళి అందులో చేరింది. నిజం చెప్పొద్దూ, చేరి బాగుపడింది. రోజూ మిద్దె ఎక్కీ దిగీ మోకాళ్ళు దారికొచ్చాయి. షుగరు దిగింది. పడుకోగానే నిద్ర పట్టేస్తోంది. విత్తనాలు ఊరికే ఇస్తారు, నారు పంచుకుంటారు, ఒకరికి జ్వరమొస్తే నలుగురు గంజి పట్టుకెళ్తారు. కూలర్లు బాగుచేసే ఐజాజ్ తన షాపులోని పాత కూలర్ తొట్లు రెండు ఆమె మిద్దె మీదికి మోసుకొచ్చి మరీ పెట్టిపోయాడు. ఇన్ని లాభాలు ఒరిగాక మనిషికి ఇంకేం కావాలి?

రాఘవమ్మకి కావాలి. ఆ క్లబ్బులో ఉన్న ఇరవై ఆరుగురిలో ఒక్కరంటే ఒక్కరు వచ్చి "దీనికేం చెయ్యాలి పిన్నీ?" అని ఒక్క మాట అడగాలి. చేరి పద్నాలుగు నెలలైంది, ఒక్కరూ అడగలేదు. అందరూ వెళ్ళి సుప్రజనే అడుగుతారు.

సుప్రజకి ముప్పై నాలుగేళ్ళుంటాయి. సందుకి అటువైపే ఇల్లు. వాళ్ళ పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ పార పట్టిన మనిషి లేడు. ఫోనులో వీడియోలు చూసి మొక్కలు మొదలుపెట్టిన పిల్ల. అలాంటిదాని చుట్టూ జనం ఎందుకు మూగుతారో రాఘవమ్మకి బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఆమెకి తప్ప అందరికీ తెలిసిన సంగతే అది.

ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. నెలలో మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకి ఎవరో ఒకరి మిద్దె మీద కూర్చుంటారు. మాస్టారు నోటుపుస్తకం తెరిచి, "ముందు చావులు చెప్పండి, తర్వాత కాపులు" అంటారు. ఆ నెలలో ఎవరి చేతిలో ఏ మొక్క చచ్చిందో, ఎందుకు చచ్చిందో ముందు చెప్పాలి. కాసినవాటి గొప్పలు ఆ తర్వాతే. సుప్రజ అందరికంటే ముందు లేస్తుంది. "రెండు కరివేపాకులు పోయాయండీ. ప్రేమ ఎక్కువై నీళ్ళు పోసి పోసి ముంచేశాను" అంటుంది. అందరూ నవ్వుతారు. నవ్వుతూనే నలుగురు ఆమె పక్కకి జరిగి, "నాదీ అట్టాగే పోయిందమ్మా, మరి నువ్వేం జేశావు?" అని మొదలుపెడతారు.

రాఘవమ్మ వంతు వస్తుంది. "మా దగ్గర చావులేం లేవు" అంటుంది కొంగు సర్దుకుంటూ. మాస్టారు ఆమె పేరు పక్కన సున్నా వేసుకుంటారు. ఏ మొక్కా చావని మనిషి దగ్గరికి చచ్చిన మొక్క పట్టుకుని వెళ్ళాలంటే ఎవరికైనా మొహమాటమే కదా.

పైగా అది పచ్చి అబద్ధం. మీటింగుకి ముందురోజు సాయంత్రం చచ్చినవన్నీ పీకి, నీళ్ళ ట్యాంకు వెనక ఒక గోనెసంచిలో కుక్కేది రాఘవమ్మ. రైతుబిడ్డ చేతిలో మొక్క చచ్చిందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? తల ఎక్కడ పెట్టుకోవాలి?

మే నెల మీటింగులో సుప్రజ లేచి, నెలాఖర్లో తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరూ ఉండరని చెప్పింది. ఒంగోలులో చెల్లెలి గృహప్రవేశం, అటునుంచి అటే తిరుపతి. "జూన్ మీటింగు మా మిద్దె మీదే కదండీ, ఆలోపు వచ్చేస్తాను" అంది. ఊరెళ్ళినవాళ్ళ మొక్కలకి నీళ్ళు పోసే వంతు ఎవరిదో చీటీలు వేసి తీస్తారు. మాస్టారు స్టీలు గ్లాసులో చీటీలు గిలకొట్టి ఒకటి తీశారు.

"రాఘవమ్మ గారు" అని చదివారు.

ఊరెళ్ళే రోజున సుప్రజ వచ్చి మిద్దె తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టింది. "మీ చేతిలో పడ్డాయి, ఇక నాకు దిగుల్లేదు పిన్నిగారూ."

"ఏం దిగులొద్దు, పొయిరా అమ్మాయ్" అంది రాఘవమ్మ. నోరు నవ్వింది గానీ కడుపులో కుంపటి రాజుకుంది. ఎంత తియ్యగా మాట్లాడిందో చూడు, మాటలు కూడా దీనికే రావాలా అనుకుంది.

ఆ సాయంత్రం మొదటిసారి ఒంటరిగా ఆ మిద్దె మీద నిలబడింది. ఆకుపచ్చ నెట్టు కింద అరవై మూడు కుండీలు, పెయింటు బకెట్లు, అన్నీ వరసల్లో. ప్రతిదానికీ చీటీ, చీటీ మీద తేదీ. బీరపందిరి కిందికి వంగి చూసింది, వంగమొక్కల ఆకులు తిరగేసి చూసింది. పురుగు కొరికిన చిల్లు ఒక్కటన్నా దొరకదా అని అరగంట వెతికింది. దొరకలేదు. ఒళ్ళు భగ్గుమంది.

రోహిణీకార్తె ఎండలు. ఒక్క పూట నీళ్ళు మానేస్తే చాలు, వేరే ఏం చెయ్యక్కర్లేదు. "మోకాళ్ళు నొప్పెట్టి రాలేకపొయ్యా" అంటే కాదనేదెవరు? కుళాయి కట్టేసి మెట్లు దిగింది. సగం మెట్లు దిగి ఆగింది. వెనక్కి ఎక్కి, ఒక్కో కుండీకి వేళ్ళు తడిసేదాకా పోసింది. ఎంత కుళ్ళున్నా, దప్పికతో వాలిపోయిన మొక్కని చూస్తూ వదిలేసి వెళ్ళే చెయ్యి కాదది. మూడు రోజులు రెండు పూటలా అలాగే పోసింది.

నాలుగో రోజు మాస్టారు వాట్సాప్ గ్రూపులో అడిగారు: సుప్రజ గారి మొక్కలు ఎలా ఉన్నాయి, ఒక ఫోటో పెట్టండి. రాఘవమ్మ ఫోటో తీసి పెట్టింది. పెట్టి ఫోను పట్టుకుని కూర్చుంది. టింగుమని ఒకటి వచ్చింది. "సుప్రజా, నీ తోట సూపర్." ఇంకోటి. "సుప్రజ గారూ, మీ చేతిలో మహత్యం ఉందండీ." వరసగా పదిహేడు వచ్చాయి, చప్పట్లు, పూలగుత్తులు. నీళ్ళు పోసిన మనిషి పేరు ఒక్కరూ ఎత్తలేదు. చివర్లో సుప్రజ ఒంగోలు నుంచి పెట్టింది, "అంతా పిన్నిగారి చలవే" అని. దానికి కూడా జనం సుప్రజకే దండాలు పెట్టారు, ఎంత మంచి మనసమ్మా నీది అని.

రాఘవమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

సరే, జూన్ మీటింగుకి ఈ మిద్దె మీదికే కదా అందరూ వచ్చేది! ఈ వారంలో మొక్కలు దుమ్ములేపితే, ఎవరు పెంచారమ్మా అని అడక్క చస్తారా? రైతు చెయ్యి అంటే ఏందో అప్పుడు తెలుస్తుంది. చేను కౌలుకిచ్చినప్పుడు మిగిలిన అరబస్తా యూరియా ఇంట్లో మెట్ల కింద ఉంది. క్లబ్బులో దాని పేరే ఎత్తకూడదు, మాస్టారు పెట్టిన కట్టుబాటు అదొక్కటే. అయితేనేం, ఎవరు చూడొచ్చారు? గడ్డకట్టినదాన్ని రోట్లో వేసి దంచింది.

"ఏం దంచుతున్నావే?" అని అరిచాడు సత్యనారాయణ లోపల్నించి.

"ఉప్పు!"

ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు డబ్బా నిండా పోసింది. ఆ డబ్బా సుప్రజ వాళ్ళ కొట్లో కొన్నదే, మూత మీద "రాఘవమ్మ" అని పేరు కూడా వాళ్ళ చేతే చెక్కించుకుంది. కొంగు కింద పెట్టుకుని సందు దాటింది. కుండీకి గుప్పెడు. అరవై మూడు కుండీలకి అరవై మూడు గుప్పిళ్ళు. ముప్పై ఏళ్ళు చేలో సాళ్ళ వెంట నడుస్తూ విసిరిన చెయ్యి అది. బకెట్టులో ఉన్న బెత్తెడు మట్టికి ఎంత వెయ్యాలో ఆ చేతికి ఎవరూ నేర్పలేదు, ఆమె ఎవర్నీ అడగలేదు. అడగడమే! అడుగున కాస్త యూరియా మిగిలిన డబ్బాని ట్యాంకు గోడ పక్కన పెట్టి నీళ్ళు పోసి, డబ్బా మరిచిపోయి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు మొక్కలు నల్లపచ్చగా నిగనిగలాడాయి. చూశారా అనుకుంది. ఆ మర్నాడు ఆకుల అంచులు మాడాయి. మూడో రోజు పొద్దున తలుపు తీసేసరికి టమాటాలు ఉడకబెట్టినట్టు వేలాడుతున్నాయి. గోంగూర, ఆ నడుం ఎత్తు గోంగూర, నేలకి వాలిపోయి ఉంది.

"ఓరి దేవుడో" అని పైపు పట్టుకుంది. మట్టిలోని విషం అడుగు చిల్లుల్లోంచి కారిపోవాలి, అదొక్కటే దారి. కుండీ వెంట కుండీ, నాలుగేసిసార్లు కడిగింది. సుప్రజ ట్యాంకు అయిపోతే తన ఇంటి నుంచి సందుకి అడ్డంగా పైపు వేసింది. తన ట్యాంకూ అయిపోయింది.

"ఒసేయ్, నీళ్ళు రావట్లేదే! ఒళ్ళంతా సబ్బు!" అని బాత్రూములోంచి సత్యనారాయణ కేక సందంతా వినబడింది.

"తుడుచుకో!" అని ఈ మిద్దె మీంచి అంతకంటే గట్టిగా అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. సుప్రజ మీద ఎంత కుళ్ళుందో అంతా ఉంది, ఇసుమంత తగ్గలేదు. కానీ ఈ మొక్కలకి అదేం తెలియదు కదా, గుప్పెడు పెట్టిందీ ఈ చెయ్యే, ఇవి ఈ చెయ్యినే నమ్ముకున్నాయి కదా అని కుమిలిపోయింది. రెండు రోజులు నడుం విరిగేలా కడిగితే ఇరవై రెండు తేరుకున్నాయి. నలభై ఒకటి పోయాయి.

సుప్రజ వచ్చింది. అంతా చెప్పేద్దామనే తాళంచెవి పట్టుకుని వెళ్ళింది రాఘవమ్మ. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం వేరు. "ఎండ అమ్మాయ్. ఏం ఎండ! చానా మాడినయ్యి."

సుప్రజ పైకి వెళ్ళింది. రాఘవమ్మ ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంది. పప్పు పోద్దామని డబ్బా కోసం చెయ్యి చాపితే, అరమరలో డబ్బా లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

చీకటి పడేముందు సుప్రజే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డబ్బా తళతళా తోమి ఉంది. "మీ డబ్బా మా ట్యాంకు పక్కన ఉంది పిన్నిగారూ" అని చేతికిచ్చి, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది. మూత తీస్తే లోపల తిరుపతి లడ్డూ. ఒకరింటి గిన్నె ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు కదా. యూరియా పోసిన గిన్నెనైనా!

తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ లడ్డూ రాఘవమ్మ గొంతు దిగలేదు. సత్యనారాయణే తిన్నాడు. "నెయ్యి కాస్త తగ్గిచ్చారే ఈమధ్య" అన్నాడు.

ఆదివారం వెళ్ళకుండా ఉందామనుకుంది. వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళలేనని తెలుసు. మళ్ళీ ఆ టీవీ, ఆ కుర్చీ, ఆ మోకాళ్ళు. ఆరున్నరకి చీర కట్టుకుని సందు దాటింది.

మిద్దె చూసి అందరూ నోళ్ళు నొక్కుకుని కూర్చున్నారు. ఉత్త బకెట్లు నలభై ఒకటి ఒక మూల బోర్లించి ఉన్నాయి. మాస్టారు నోటుపుస్తకం తెరిచి నెమ్మదిగా అన్నారు, "ముందు చావులు చెప్పండి."

సుప్రజ లేచింది. రాఘవమ్మ ఊపిరి బిగబట్టింది.

"నలభై ఒకటండీ. ఊరెళ్ళే హడావుడిలో వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పలచన చెయ్యకుండా పోసేశాను. అవి మాడిపోయాయి. తప్పు నాదే. పిన్నిగారు నీళ్ళు పోశారు కాబట్టి ఆ ఇరవై రెండన్నా బతికాయి."

రాఘవమ్మ ఊపిరి వదిలింది. గండం గడిచింది. పేరు నిలబడింది, ఆదివారాలు నిలబడ్డాయి, ఎవరికీ తెలియదు. హమ్మయ్య అనుకోబోయింది. అంతలో పక్కనున్నావిడ సుప్రజని గుండెకి హత్తుకుంది. "అయ్యో తల్లీ, ఎంత కష్టమొచ్చిందే!" ఇంకొకావిడ కళ్ళొత్తుకుంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నలభై ఒకటి పోయినా దాచకుండా చెప్పింది చూడండి. మన క్లబ్బుకి కావాల్సింది ఇదీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు! రాఘవమ్మకి నరాలు మెలితిరిగాయి. చంపింది నేను. రెండు రోజులు నడుం విరగ్గొట్టుకున్నది నేను. ఏడ్చింది నేను. ఆఖరికి నా పాపం కూడా దీనికే కావాల్సి వచ్చిందా? దాంతో కూడా మెప్పు కొట్టేస్తుందా?

"ఆగండి మాస్టారూ!" అని లేచింది. "రాయబాకండి. అబద్ధం అది! ఆ నలభై ఒకటీ నావి!"

"పిన్నిగారూ, వద్దండీ..." అంది సుప్రజ.

"నువ్వూరుకో అమ్మాయ్! పద్నాలుగు నెల్లుగా అన్నీ నీకేనా? ఇదన్నా నాకొదిలెయ్యి! మాస్టారూ, ఆ పిల్ల పేరు కొట్టేసి నా పేరు రాయండి. యూరియా ఏశా. కుండీకి గుప్పెడు. ఈ చేత్తోనే. ఎందుకంటే కుళ్ళు! చూడలేక! మీరంతా దీన్నే అడగతన్నారని!" గొంతు బొంగురుపోయినా ఆపలేదు. "ఇంకా రాసుకోండి. మా ట్యాంకు ఎనకాల గోనెసంచి ఉంది. రెండు నిమ్మ, మూడు దొండ, కాకర ఎన్నో లెక్క లేదు, ఐజాజ్ తొట్లో పెట్టిన పుదీనా కూడా. అన్నీ చచ్చినయ్యి, దాచిపెట్టా. సున్నా కాదు నాది."

మాస్టారి పెన్ను గాల్లోనే ఆగిపోయింది. రాఘవమ్మ ఎవరి మొహమూ చూడకుండా మెట్ల దగ్గరికి నడిచి, చెప్పులో ఒక కాలు పెట్టింది. అయిపోయింది, ఇక ఈ మెట్లు ఎక్కేది లేదు.

"పిన్నమ్మా" అన్నాడు ఐజాజ్ వెనకనుంచి. "ఒక్క మాట అడగనా?"

రాఘవమ్మ ఆగింది.

"మా బామ్మర్ది మొన్న నా మిరపమొక్కలకి యూరియా ఏశాడు, తొందరగా కాస్తయ్యని. మాస్టారు తిడతారని చెప్పకుండా దాచా. మాడిపోతన్నయ్యి. మరి ఇయ్యి ఇరవై రెండు ఎట్టా బతికినయ్యి? ఏం జేశావు నువ్వు?"

రాఘవమ్మ చెప్పులోంచి కాలు తీసింది.

"ఎన్నాళ్ళయింది ఏసి?" అంది.

"రెండ్రోజులు."

"అయితే బతికిద్దిలే. ముందు కుండీ అడుగు చిల్లి మూసుకుపోయిందేమో పుల్ల పెట్టి పొడువు. పైనుంచి నీళ్ళు పొయ్యి, అడుగునుంచి కారిపోవాల. మళ్ళీ పొయ్యి. పూటకి నాలుగుసార్లు. మాడిన ఆకు తుంచబాక, కొత్త చిగురొచ్చిందాకా ఉండనియ్యి."

"చిగురు ఎన్నాళ్ళకొస్తదమ్మా?" అని అడిగింది ఇందాక కళ్ళొత్తుకున్నావిడ, పక్కకి జరిగి చోటిస్తూ. "మరి వంగకీ ఇంతేనా?" అన్నాడింకొకాయన. రాఘవమ్మ కూర్చుంది. చెప్పుకుంటూ పోయింది. ఎండ నెట్టు దాటి నెత్తికి తగిలేదాకా ఎవరూ లేవలేదు.

మధ్యలో ఒకసారి తలతిప్పి చూస్తే, సుప్రజ కూడా చిన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆమె చెప్పేదంతా రాసుకుంటోంది. రాఘవమ్మ మెడ చాపి ఆ కాగితం వంక చూసింది. ఒక్క కొట్టివేత లేదు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఒళ్ళు మండిపోయింది.